కరదీపికా పరిష్కరణము: యూనిక్సు, లినక్సు వ్యవస్థల గ్రంథచరిత్ర

కావ్యపరిష్కర్త యెదుట నుండునవి ప్రాఁత ప్రతులు. ప్రతికిని ప్రతికిని పాఠము భేదించినపుడు కవిహృదయమునకు దగ్గఱయైన పాఠ మేదియో యాతఁడు నిర్ణయించును. కవి గతించినవాఁడు గావున నాతనిని బిలిచి యడుగుటకు వీలులేదు. వ్యాకరణమును పరిష్కరించువాని స్థితి వేఱు. ఆతని సూత్రమునకు సాక్షి లోకప్రయోగము. సూత్ర మొకటి చెప్పఁగాఁ బ్రయోగము వేఱొకటి యైనచో, సూత్రమును సవరింపవలెనా, ప్రయోగమును అసాధువనవలెనా యను వివాదము పుట్టును. కంప్యూటరు యంత్రములను నడపు మూలవ్యవస్థలకై వ్రాయఁబడిన కరదీపికల పరిష్కరణ మీ రెండవ తెగకుఁ జెందినది. ఇచట గ్రంథమునకు సాక్షి యంత్రమే. యంత్రమును నడపి చూచినచో గ్రంథవాక్యము సత్యమో యసత్యమో తేలును. అసత్యమని తేలినపుడు తప్పు వాక్యమునం దున్నదా, యంత్రమును నడపు ప్రోగ్రామునం దున్నదా యను ప్రశ్న మాత్రము మిగిలియే యుండును. ఈ ప్రశ్నయే యీ గ్రంథముల చరిత్రకు ప్రాణము.

మన ప్రాచీనులు వార్తికకారుని పనిని మూఁడు విధములుగా విభజించిరి. సూత్రకారుఁడు చెప్పినదానిని విచారించుట యొకటి. చెప్పక విడిచినదానిని పూరించుట రెండవది. తప్పుగాఁ జెప్పినదానిని దిద్దుట మూఁడవది. ఉక్తము, అనుక్తము, దురుక్తము అని వీనికిఁ బేళ్లు. పాణినీయముపైఁ గాత్యాయనుఁడు చేసిన పని యిట్టిది. యూనిక్సు వ్యవస్థయొక్క కరదీపిక పుట్టి యిప్పటికి ఏఁబదియేండ్లు దాఁటినది. దాని చరిత్రను పరిశీలించినచో నీ మూఁడు పనులును అందుఁ గానవచ్చును. వార్తికమునకు లేని శక్తి యొకటి కూడ నిచటఁ గలదు. భాషను వ్యాకర్త సృష్టింపలేఁడు. ప్రోగ్రామును మనుష్యులు సృష్టింతురు గావున, గ్రంథపరిష్కరణము గ్రంథవిషయమైన వస్తువునే మార్పఁగలదు.

యూనిక్సు అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రమందలి మర్రే హిల్ అను చోట నున్న బెల్ ప్రయోగశాలలో 1969 వ సంవత్సరమున పుట్టినది. కెన్ థాంప్సను, డెన్నిస్ రిచ్చీ యను నిరువురు దానికి ముఖ్యకర్తలు. ఇది నిర్వాహక వ్యవస్థ. అనఁగా యంత్రమునకును, దానిపైఁ బనిచేయు ప్రోగ్రాములకును నడుమ నిలిచి, ఫైళ్లను భద్రపఱచుట, మెమొరీని పంచియిచ్చుట, అనేకుల పనులను వంతులవారిగా నడపుట మొదలగు మూలకార్యములను నిర్వహించునది. ఇందలి నడిమి భాగమునకుఁ గెర్నెలని పేరు. 1971 లో ప్రయోగశాలయొక్క పేటెంటు శాఖవారు తమ పత్రములను సిద్ధపఱచుకొనుట కీ వ్యవస్థను గ్రహించిరి. నిర్మాతలు కాని వాడుకరు లిట్లు చేరిన కొలఁది గ్రంథముయొక్క యవసరము హెచ్చినది.

ఆ కరదీపికయొక్క మొదటి కూర్పు 1971 నవంబరు 3 వ తేదీతో వెలువడినది. దానిపై థాంప్సను, రిచ్చీల పేళ్లు కలవు. తరువాతి కూర్పులు వరుసగా 1972 జూను, 1973 ఫిబ్రవరి, 1973 నవంబరు, 1974 జూను, 1975 మే, 1979 జనవరి మాసములలో వచ్చినవి. బెల్ ప్రయోగశాల యూనిక్సును ఆఱవదనియు, ఏడవదనియుఁ బేర్కొను వాడుక కలదు. ఆ సంఖ్యలు ప్రోగ్రామునకుఁ బెట్టినవి కావు. కరదీపికయొక్క కూర్పుల సంఖ్యలు. ప్రోగ్రాములు నిత్యము మాఱుచుండెడివి. ఇది యింతవఱకైనదని చూపుటకు నిలుకడగల గుర్తు గ్రంథమొక్కటియే. ఒక యంత్రవ్యవస్థ తన గ్రంథముయొక్క కూర్పును బట్టి పేరు పొందుట విశేషమే.

ఈ గ్రంథము కావ్యమువలె మొదటినుండి తుదివఱకుఁ జదువవలసినది కాదు, నిఘంటువు వంటిది. ఒక్కొక్క విషయమున కొక్కొక్క పుట. పుటలు ఏడు ప్రకరణములుగా విభజింపఁబడినవి: ఆదేశములు, ప్రోగ్రాములు కెర్నెలునకుఁ జేయు పిలుపులు, ఉపప్రోగ్రాములు, ప్రత్యేకమైన ఫైళ్లు, ఫైళ్ల రూపములు, వాడుకరులు తామై పోషించు ప్రోగ్రాములు, ప్రకీర్ణములు. ప్రతి పుటకును ఒకటే విన్యాసము. మొదట పేరు, పిదప ప్రయోగరూపము, తరువాత వివరణము, సంబంధించిన ఫైళ్లు, చూడవలసిన యితరపుటలు, ప్రోగ్రాము పలుకు లోపసూచనలు, తుదకు దోషములు. మొదటి కూర్పునందు పుటకడపట నా ప్రోగ్రామునకు బాధ్యుఁడగువాని సంకేతనామము గూడ నుండెడిది. ఈ విన్యాసము స్వల్పమైన మార్పులతో నేఁటికిని నిలిచియున్నది.

ఇందు "దోషములు" అను శీర్షిక ప్రత్యేకముగాఁ బరిశీలింపఁదగినది. తన వస్తువును వర్ణించు గ్రంథమునందుఁ దానే దాని కొఱఁతలను ప్రకటించుట వర్తకుల వాడుక కాదు. బెల్ ప్రయోగశాలవారు తమలోఁ దామును, తోడి పరిశోధకులకును వ్రాసికొనిరి గావున నా నిజాయితీ వారికి సాధ్యమైనది. దాని ఫల మనూహ్యము. ఆ పరిశోధనశాఖకు 1965 నుండి 1986 వఱకు అధ్యక్షుఁడైన డగ్లస్ మెకిల్రాయి తరువాతి కాలమున దీనిని గూర్చి ముచ్చటించెను. క్రొత్త కూర్పు సిద్ధమగు ప్రతిసారియు ప్రయోగశాలలోఁ బని ముమ్మరముగా సాగెడిదఁట. వికారముగా నున్నదానిని కాగితముపైఁ బెట్టి చూచుకొన్నవారు దానిని అచ్చునకుఁ బంపుటకు సిగ్గుపడి, వర్ణన మాని ప్రోగ్రామునే దిద్దుకొనెడివారఁట. ఈ మెకిల్రాయియే 1971 నుండి 1986 వఱకు వచ్చిన కూర్పులనుండి భాగములను గ్రహించి, తన వ్యాఖ్యతో నొక సంకలనమును గూర్చెను. ఒక్కొక్క యాదేశమునకు వివిధకూర్పులలోనున్న వర్ణనలను సరిపోల్చినచో వ్యవస్థయొక్క పరిణామము తెలియవచ్చును. ప్రతులను సరిపోల్చి భాషాచరిత్రను దీయు పండితుల పద్ధతి యిదియే కదా.

అయితే యా గ్రంథమును ఎల్లరును స్వేచ్ఛగా మార్చి పంచుకొనుటకు నాఁడు వీలు లేకుండెను. దానిపై ఏ.టీ. అండ్ టీ. సంస్థకు హక్కు లుండెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున బర్క్లీయందలి పండితులు యూనిక్సునకుఁ దమదైన శాఖ నొకదానిని పెంచిరి. దానిని పూర్వహక్కులనుండి విడిపింపఁ దలఁచినపుడు ప్రోగ్రాములను మాత్రమే కాక పుటలను గూడఁ గ్రొత్తగా వ్రాయవలసివచ్చెను. ఈ సందర్భముననే సింథియా లివింగ్‌స్టన్ అను నామె ఎమ్‌డాక్ అను సంకేతసముదాయమును నిర్మింపఁగా, 1990 లోని బర్క్లీ కూర్పునం దది కానవచ్చినది. పూర్వపు సంకేతములు అక్షరము లావుగా నుండవలెనో, వాలుగా నుండవలెనో చెప్పెడివి. ఈ క్రొత్త సంకేతములు పదము ఆదేశమో, ఫైలు పేరో, గ్రంథకర్త పేరో చెప్పును. రూపమును విడిచి యర్థమును బట్టి గుర్తు పెట్టుట పుటలను పరీక్షించువారికి మిక్కిలి యుపకరించినది.

మఱియొక దిక్కున, 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను స్వేచ్ఛావ్యవస్థను నిర్మింతునని ప్రకటించెను. ప్రోగ్రామును మార్చుకొను స్వేచ్ఛ గలవానికి దాని కరదీపికను మార్చు స్వేచ్ఛ లేనియెడల, మార్చిన ప్రోగ్రామునకు సరియైన గ్రంథమును ఆతఁ డీయఁజాలఁడని ఆయన వాదము. ఇది సహేతుకము. 2000 మార్చిలో గ్నూ పక్షమున గ్రంథములకే ప్రత్యేకమైన యనుమతిపత్రము వెలువడినది. కాని యా పత్రము, కర్త కోరినచోఁ గొన్ని భాగములను మార్పరానివిగా నుంచుటకు వీలు కల్పించెను. దీనిపై డెబియను సంఘమువారిలోఁ దీవ్రమైన చర్చ జరిగి, 2006 లో వారు వోటు వేసికొని, మార్పరాని భాగములు లేని గ్రంథములనే స్వేచ్ఛాగ్రంథములుగా నంగీకరించిరి. పరిష్కర్త చేయి సోఁకరాని వాక్యము గ్రంథమున నుండవచ్చునా యను ప్రశ్న కొక సంఘము వోటుచే సమాధాన మిచ్చుట గమనింపఁదగినది.

1991 లో ఫిన్లండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును ప్రకటించెను. అది యూనిక్సు తెగకుఁ జెందినను దాని వాక్యమొక్కటియు గ్రహింపక క్రొత్తగా వ్రాయఁబడినది. కావున దానికిఁ గరదీపికయుఁ గ్రొత్తగా నుండవలెను. 1993 లో రిక్ ఫెయిత్ ఆ పనిని మొదలిడెను. 1995 నుండి 2004 వఱకు ఆండ్రీస్ బ్రౌవర్, 2004 నుండి మైకేల్ కెరిస్కు దానిని నిర్వహించిరి. 2020 నుండి అలెహాంద్రో కొలోమార్ అందుఁ జేరి పిమ్మట భారమును వహించెను. ఈ సంపుటము ముఖ్యముగాఁ గెర్నెలునకుఁ జేయు పిలుపులను, సీ భాషయందలి ఉపప్రోగ్రాములను వర్ణించును. ప్రపంచమున నెవ్వరైనను సవరణ పంపవచ్చును. నిర్వాహకుఁడు పరీక్షించి స్వీకరించును, లేదా త్రోసిపుచ్చును.

ఆ పరీక్షకుఁ గొన్ని నియమములు కలవు. ఒక సవరణ యొక విషయమునకే పరిమితమై యుండవలెను. సవరణతోఁ గూడ హేతువు చెప్పవలెను. కెర్నెలు మూలపాఠమును జూచి తెలిసికొనెనా, చిన్న ప్రోగ్రాము వ్రాసి నడపి తెలిసికొనెనా, యెఱిఁగినవారివలన వినెనా చెప్పవలెను. ఏ పిలుపు కెర్నెలుయొక్క యే సంఖ్యగల కూర్పునఁ బుట్టెనో వ్రాయవలెను. క్రొత్త వాక్యమును మూలమునందుఁ గ్రొత్త పంక్తిలో మొదలిడవలెను. ఈ కడపటి నియమము చిన్నదిగాఁ దోఁచును గాని, 1974 లోనే బ్రయన్ కెర్నిహన్ యూనిక్సు విద్యార్థులకుఁ జెప్పిన హితము. వాక్యమున కొక పంక్తి యుండిన, దిద్దిన వాక్య మొక్కటియే భేదపత్రమునఁ గానవచ్చును. పేరా యెల్ల మాఱినట్లు కానరాదు. లోపమును దెలిపినవారి పేరును, చూచి యొప్పుకొన్నవారి పేరును ప్రతి సవరణతోడను నిలుచును. తాళపత్రము కడపట లేఖకుఁడు తన పేరు వ్రాసికొనినట్లు, ఇచట నొక్కొక్క వాక్యము సవరణకును లేఖకుని పేరు దొరకును.

ఇఁక మూఁడు పనులకును ఉదాహరణములు చూడవలెను. మొదటిది ఉక్తవిచారము. సీ భాషలో మెమ్‌సీపీవై యను ఉపప్రోగ్రాము కలదు. మెమొరీలోని యొకచోటి యక్షరములను వేఱొకచోటికిఁ బ్రతిచేయుట దాని పని. ఆ రెండు చోట్లును ఒకదానిపై నొకటి పడరాదని పుట స్పష్టముగాఁ జెప్పుచున్నది. పడునట్లైన మెమ్‌మూవ్ అను వేఱొక దానిని వాడవలెను. అనేకులు ఈ నిషేధమును పాటింపకపోయినను, ప్రతిచేయు క్రమము మొదటినుండి తుదకు నున్నంత కాలము కీడు కనఁబడలేదు. గ్లిబ్‌సీ యను గ్రంథాలయముయొక్క 2.13 వ కూర్పున, వేగముకొఱకు, కొన్ని యంత్రములపై నీ క్రమమును మార్చిరి. 2010 చివర వెలువడిన ఫెడోరా 14 లో, ఫ్లాష్ అను ప్రసిద్ధమైన ప్రోగ్రాము పలికించు సంగీతము చెడిపోయినది. నిషేధము స్పష్టము గావునఁ దప్పు ఫ్లాష్‌దే యని గ్రంథాలయపక్షము వారు వాదించిరి. వాడుకరుని యంత్రమున నిన్నటివఱకు పలికినది నేఁడు పలుకకుండుట తగదని టోర్వాల్డ్స్ వాదించెను. తుదకు 2.14 వ కూర్పున రెండు రూపములును నిలిపిరి: పూర్వమే కూర్పఁబడిన ప్రోగ్రాములకుఁ బూర్వరూపము, క్రొత్తవానికిఁ గ్రొత్తరూపము. ఇచటఁ బరిష్కర్త సూత్రమును మార్పలేదు. సూత్రము సరియైనదే. దానిని మీఱినచో నేమి జరిగినదో యా చరిత్రను పుటయందలి గమనికలలోఁ జేర్చెను. ఉదాహరణము లేని నిషేధమును లోకము లెక్కసేయదు. ప్రత్యుదాహరణమును జూపిన పిదపనే దానికి బలము.

రెండవది దురుక్తవిచారము. ఫైళ్లలోఁ గలుగు మార్పులను ప్రోగ్రామునకుఁ దెలియఁజేయు ఐనోటిఫై యను పిలుపులు 2005 ఆగస్టులో, కెర్నెలుయొక్క 2.6.13 వ కూర్పునఁ జేరినవి. ఒక్కసారి మాత్రమే తెలిపి విరమింపుమను సంకేత మొకటి యందుఁ గలదు. ఆ సంకేతమునకు నిర్మాతలు చెప్పిన యర్థము స్పష్టమే, కాని 2.6.16 వ కూర్పు వచ్చువఱకు నది పనిచేయనే లేదు. మాట యొకటి, క్రియ వేఱొకటి. ఒక్క చిన్న పరీక్ష చేసినచో వెలువడునట్టి తప్పు మూఁడు కూర్పులలో నిలిచెను. నేఁటి పుటయందలి దోషముల శీర్షిక యీ విషయమును సంఖ్యతో సహా తెలుపుచున్నది. తప్పు దిద్దిన పిదప వాక్యమును గూడఁ దుడిచివేయవచ్చును గదా యని యడుగవచ్చును. పాతకూర్పులు నడచు యంత్రములు లోకమున నింకను గలవు. వానిపైఁ బనిచేయువాని కా వాక్యము కావలెను. కావునఁ బరిష్కర్త తీసివేయుటకంటెఁ గాలమును నిర్దేశించి నిలుపుటయే మేలు.

ఈ విషయమునఁ గెరిస్కు అనుభవము ప్రసిద్ధము. 2007 జులైలో వెలువడిన 2.6.22 వ కూర్పున టైమర్‌ఎఫ్‌డీ యను క్రొత్త పిలుపు చేరినది. గడువు తీఱినపుడు ప్రోగ్రామునకుఁ దెలుపుట దాని ప్రయోజనము. దానికిఁ బుట వ్రాయఁబూనిన కెరిస్కు, దానిని పూర్వమున్న గడియారపు పిలుపులతోఁ బ్రక్కప్రక్కఁ బెట్టి చూచెను. పూర్వపువానిలో గడువు నింకను నెంత మిగిలినదో యడుగవచ్చును. క్రొత్త గడువు పెట్టునపుడు పాతదానిని తిరిగి పొందవచ్చును. ఈ క్రొత్తదానిలో నా రెండును లేవు. కెర్నెలువారికి నొక వ్రతము కలదు: ఒకసారి వాడుకలోనికి వచ్చిన పిలుపుయొక్క నడవడిని మార్చి వాడుకరుల ప్రోగ్రాములను చెఱుపరాదు. కాఁబట్టి పిలుపు పాదుకొనిన పిదప దిద్దుట దుర్ఘటము. ఆయన ఆగస్టులోనే యీ కొఱఁతలను నిర్మాతల ముందుంచెను. చర్చ జరిగిన పిదప, అక్టోబరులోని 2.6.23 వ కూర్పున నా పిలుపును నిలిపివైచిరి. 2008 ఏప్రిల్‌లోని 2.6.25 వ కూర్పున, గడియారమును సృష్టించుటకు, గడువు పెట్టుటకు, మిగిలిన గడువు నడుగుటకు వేర్వేఱుగా మూఁడు పిలుపులు వెలసినవి. నేఁడు వాడుకలో నున్నవి యివియే. పుట వ్రాయఁబోయినవాఁడు ప్రశ్నింపకున్నచో లోపభూయిష్టమైన యా మొదటి రూపమే శాశ్వతమై యుండెడిది.

మూఁడవది అనుక్తవిచారము, మూఁటిలో నిది మిక్కిలి కష్టము. తప్పు వాక్యమును యంత్రముతోఁ బరీక్షింపవచ్చును. లేని వాక్యమును దేనితోఁ బరీక్షించుట? ప్రోగ్రాము ఫైలులో వ్రాసినది వెంటనే డిస్కునకుఁ బోదు. కెర్నెలు దానిని గొంతసేపు మెమొరీలో నుంచుకొని, తరువాత డిస్కుపై వ్రాయును. ఇప్పుడే డిస్కుపై వ్రాసి, కార్యము నెఱవేఱినదో లేదో చెప్పుమని యడుగుటకు ఎఫ్‌సింక్ అను పిలుపు కలదు. డిస్కు చెడినచో లోపసూచన వచ్చునని పుట చెప్పెను. లోపసూచన వచ్చిన పిదప మెమొరీలోనున్న యా వ్రాఁత గతి యేమి? దీనిని గూర్చి పుట మౌనము వహించెను. పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధమైన దత్తాంశనిలయమును నిర్మించువారు తమకు సహజముగాఁ దోఁచిన యర్థమును గ్రహించిరి: లోపము కలిగినచో మరల ఎఫ్‌సింక్ చేయవలెను, రెండవసారి సఫలమైనచో నంతయు డిస్కునకుఁ జేరినట్లే. లినక్సు నడవడి వేఱు. వ్రాయుట విఫలమైన పిదప నది యా మెమొరీ పుటను వ్రాసి ముగిసినదానివలె నెంచును. రెండవ పిలుపునకు సఫలమని బదులు చెప్పును. వ్రాఁత మాత్రము డిస్కునకు నెన్నఁడును జేరదు. 2018 మార్చిలో నీ సంగతి బయలుపడినది. సుమా రిరువది సంవత్సరములుగా నా నిర్మాతలు నమ్మిన యర్థము తప్పని తేలినది. ఇది ధనికుల లెక్కలను, రోగుల పత్రములను, ప్రభుత్వముల పట్టీలను దాఁచుటకు వాడఁబడు నిలయము. 2019 ఫిబ్రవరిలోని కూర్పులలో వారు పద్ధతిని మార్చిరి: ఎఫ్‌సింక్ విఫలమైనచో మరల నడుగక, నిలయమును వెంటనే ఆపి, ముందుగా వ్రాసియుంచిన చిట్టానుండి పునరుద్ధరింతురు.

ఈ వృత్తాంతమునఁ దప్పెవరిది? కెర్నెలువారు తమ నడవడికి హేతువు చూపిరి: చెడిన డిస్కునకై వ్రాఁతలను మెమొరీలో నిరవధికముగా నుంచుకొన్నచో మెమొరీ నిండి యంత్రమే స్తంభించును. నిలయమువారు తమ యూహకును హేతువు చూపిరి. ఇరుపక్షములును సహేతుకములే, వారి నడుమ నుండవలసిన వాక్యము మాత్రము లేదు. సూత్రకారుఁడు విడిచిన చోట నిరువురు వ్యాఖ్యాతలు రెండర్థములు కల్పించిన, వ్యాకరణమున వాదము పుట్టును; ఇచట దత్తాంశము నశించును.

అనుక్తము లిట్లు మిగులుటకుఁ గారణమును విచారించినచో, లినక్సునందు ప్రోగ్రామొకచోట, గ్రంథమొకచోట నుండుట కానవచ్చును. కెర్నెలును మార్చినవాఁడు పుటను మార్పకయే తన పని ముగిసినదనుకొనవచ్చును. బర్క్లీ సంతతివారి పద్ధతి వేఱు. వారి వ్యవస్థలలోఁ బుటయుఁ బ్రోగ్రామును ఒకే భాండారమున నుండును. ఓపెన్‌బీఎస్‌డీ వారు పుటలోని తప్పును ప్రోగ్రాములోని తప్పుతో సమానముగా నెంతురు. ఈ పద్ధతియే శ్రేష్ఠమని తోఁచును. కాని వేఱుగా నుండుటయందును ఒక గుణము కలదు. ప్రోగ్రాము వ్రాసినవానికిఁ దన యుద్దేశము తెలియును గావున దానినే పుటలో వ్రాయును. యంత్రము చేయునది చూడఁడు. టైమర్‌ఎఫ్‌డీ యందలి కొఱఁతను గనిపెట్టినవాఁడు దాని కర్త కాఁడు. కావ్యకర్తకంటె వేఱైనవాఁడే కావ్యమునందలి చ్యుతసంస్కారమును సులభముగాఁ గనిపెట్టును. కావున గ్రంథము వస్తువుతోఁ గలిసి యుండవలెను. పరీక్షించువాఁడు మాత్రము కర్తకంటె వేఱై యుండవలెను. ఈ రెండును గలిసినచోటనే పరిష్కరణము పూర్ణమగును.

ఇట్టి పరీక్షకునికి జీవిక యెట్లు? లినక్సు యంత్రములపై నాధారపడు సంస్థలు ప్రపంచమున నసంఖ్యాకములు. వాని నిర్మాతలు దినదినము చూచు పుటల సంపుటము మాత్రము చాలకాలము ఒకరిద్దఱి తీఱికవేళలపై నడచినది. 2024 సెప్టెంబరులోఁ గొలోమార్, తాను నాలుగేండ్లుగా వేతనము లేక యీ పని చేయుచుంటిననియు, ఇఁక సాగించుటకుఁ దన యార్థికస్థితి యొప్పదనియుఁ బ్రకటించి, పనిని ఆపెను. పిదపఁ గొన్ని సంస్థలు ద్రవ్యసాహాయ్యమునకు ముందు వచ్చుటచే నది మరల సాగినది. ప్రోగ్రాము వ్రాయువానికిఁ గీర్తియు వేతనమును గలుగును; దానిని గూర్చిన వాక్యమును సత్యముగా నిలుపువాని పని నిలిచిపోయినపుడుగాని కానరాదు. ప్రాఁతగ్రంథములను సరిచూచి యచ్చువేయించిన పండితుల కీ స్థితి క్రొత్త కాదు.

ఈ చరిత్రవలనఁ దేలునది యిది. కరదీపిక వస్తువునకుఁ దోఁక కాదు. అది వాడుకరునితోఁ జేసికొన్న యొడంబడిక. సరిగాఁ జెప్పినదానికిఁ బ్రత్యుదాహరణముచే బలము కలిగించుట, తప్పుగాఁ జెప్పినదానిని కాలనిర్దేశముతో దిద్దుట, చెప్పనిదానిని వెదకి చెప్పుట పరిష్కర్త ధర్మములు. వీనిలోఁ గడపటిదే గురుతరము. ఏలయన నెఫ్‌సింక్ పుటయం దెవ్వరును అసత్యము వ్రాయలేదు. వ్రాయవలసిన వాక్య మొకటి వ్రాయఁబడలేదు, అంతియే. 1971 లో మర్రే హిల్‌నందు పుటచివర "దోషములు" అని శీర్షిక పెట్టినవారు ఆ వాక్యమునకుఁ జోటు ముందే యుంచిరి. దానిని నింపుట మాత్రము చదువరియై, యంత్రమును నడపి చూచి, సందేహించు ప్రతివాని పని. విజ్ఞులు విచారింతురు గాక.